ఇరవై నిమిషాల నిశ్శబ్దం

తొమ్మిది దాటేసరికి హైమవతి అరవై రెండు ప్రకటనలకు సమ్మతి ఇచ్చేసింది. తెర మీద వాక్యం వస్తుంది. ఆమె చదువుతుంది. కుడిచేతి కింద ఉన్న ఆకుపచ్చ మీట నొక్కుతుంది. మరుక్షణం ఆమె గొంతే ఏడు బండ్లలోనూ పదకొండు స్టేషన్లలోనూ ఆ వాక్యాన్ని పలుకుతుంది. ఆమె మాత్రం పెదవి కదపదు.

"మూడో బండి కొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది. మీ ఓర్పే మడరేఖకు బలం."

నొక్కింది.

"తాళ్లరేవు స్టేషనులో ప్రయాణికులకు గమనిక. మీ బండి కొద్ది నిమిషాల్లో చేరుకుంటుంది. మీ ఓర్పే మడరేఖకు బలం."

నొక్కింది.

వాక్యాలు రాసేది సాంత్వన అనే యంత్రం. బండ్లలోని కెమెరాల్లోంచి ముఖాలనూ, ఊపిరి వేగాన్నీ చూసి, జనం ఓర్పు ఎంత మిగిలిందో లెక్కకట్టి, ఆ ఓర్పు తరగకుండా ఏ మాట చెప్పాలో అదే నిర్ణయిస్తుంది. కారణం చెబితే జనం కారణం మీద వాదనకు దిగుతారనీ, సమయం చెబితే గడియారం చూస్తారనీ అది మొదటి నెలలోనే నేర్చుకుంది. అప్పట్నుంచి ఆ రెండూ మానేసింది. అయితే మనిషి సమ్మతి లేని మాట ప్రజల చెవిన పడకూడదని చట్టం. ఆ చట్టం కోసం ఒక కుర్చీ వేశారు. ఆ కుర్చీలో హైమవతి కూర్చుంది.

అంతకుముందు తొమ్మిదేళ్లు ఆమె కాకినాడ బస్టాండులో మైకు దగ్గర పనిచేసింది. టైరు పంక్చరైతే పంక్చరైందని చెప్పేది. "అరగంట పడుతుంది, టీ తాగి రండి" అనేది. జనం విసుక్కుంటూనే వెళ్లి టీ తాగి వచ్చేవారు. మడ అడవి మీదుగా ఈ మడరేఖ రైలు వచ్చాక బస్టాండు మూసేశారు. ఆమె గొంతు బాగుందని నలభై గంటలపాటు చదివించి, నమూనా తీసుకుని, ఉద్యోగమిచ్చారు. ఇప్పుడామె కూరగాయల మార్కెట్లో నోరు విప్పదు. వంకాయల వైపు వేలు చూపిస్తుంది, అరకిలో అని చేత్తోనే చెబుతుంది. ఒకసారి మాట్లాడినందుకు కూరగాయలవాడు తక్కెడ పక్కన పెట్టి, "మీరే కదండీ ఆ కొద్ది నిమిషాలమ్మ!" అని పదిమందినీ పిలిచాడు.

తొమ్మిదీ ఆరుకి ఐదో బండి ఆగింది.

యానాం నుంచి కాకినాడ వస్తున్న బండి అది. కోరంగి దాటి, చొల్లంగికి ఇంకా తొమ్మిది వందల మీటర్లుందనగా, మడ అడవి మీద ఎత్తయిన స్తంభాల మధ్య నిలిచిపోయింది. రెండు పెట్టెలు. రెండు వందల పన్నెండు మంది. తెర మీది చిన్న బొమ్మలో అది మిగతా ఆరు బండ్లలాగే పసుపురంగు చుక్క.

పది నిమిషాలు గడవగానే రేఖ మొత్తం ఆలస్యస్థితిలోకి వెళ్లింది. హైమవతి వెనక, ఆమె కూర్చునే మాటగది తలుపుకు దానంతటదే తాళం పడింది. తొలిరోజుల్లో వేరే పూట పనిచేసే ఒక ప్రకటనకర్త కుర్చీలోంచి లేచి ప్లాట్‌ఫాం మీదికి పరుగెత్తి జనానికి ఉన్నదున్నట్టు చెప్పేశాడట. అప్పట్నుంచి ఈ తాళం. ఆలస్యం తీరేదాకా ఆమె బయటికి పోలేదు, ఆమె ఫోను బయటి అరలోంచి లోపలికి రాదు. రోజూ ఇంతే. రోజుకు నాలుగైదు గంటలు ఆమె తాళం వెనకే ఉంటుంది.

"ఐదో బండి కొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది."

నొక్కింది. ఏడు నిమిషాలకొకసారి నొక్కుతూ పోయింది.

తొమ్మిదీ నలభైకి ఐదో బండి రెండో పెట్టెలో ఎవరో తలుపు పక్కనున్న పిలుపుమీట నొక్కారు. తెర మీద ఒక ముసలాయన ముఖం కనబడింది. నెరిసిన గడ్డం, ఎండకు నల్లబడి కమిలిన చర్మం, మెడలో తువ్వాలు.

"అమ్మా, నా పేరు సూరన్న. ముప్పయ్యేళ్లు లాంచీ నడిపినోణ్ణి. మా ఆడదాన్ని కాకినాడ ఆసుపత్రికి తీసుకెల్తన్నాను, రగతం కడిగించడానికి. సోమారం నాడూ మీ బండి ఇలాగే ఆగిపోయింది. ఆ పూట తప్పిపోయింది. కాళ్లు సూడు, ఎలా ఊదిపోయాయో."

ఆయన పక్కకు జరిగాడు. సీట్లో ఒక బక్కపలచటి మనిషి కిటికీకి తల ఆనించి కూర్చుంది. పాదాలు చెప్పుల్లో పట్టక నేల మీద వట్టిగా ఉన్నాయి.

"ఇయాల కూడా తప్పితే కష్టవన్నాడు డాకటరు. ఎంతసేపవుద్దో సెప్పమ్మా."

పిలుపుమీట నొక్కినవాళ్లకు హైమవతి తన నోటితో జవాబివ్వలేదు. సాంత్వన మూడు వాక్యాలు అందిస్తుంది, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. మూడింటినీ చదివింది. తక్కువ అబద్ధం ఉన్నదాన్ని ఎంచుకుంది.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. బండి కొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది," అంది ఆమె గొంతు.

సూరన్న కెమెరాకు దగ్గరగా జరిగాడు. "నాకు తెలిసింది నేను సెప్తాను, ఇనుకో. ఇయాల పౌర్ణమి. పోటు గట్టిగా వత్తాది. కింద సిమెంటు బాట ఉంది సూడు, మీ పనోళ్లు నడిసేది, అది పదకొండున్నర దాటాక మునిగిపోద్ది. దిగేదైతే ఇప్పుడే దిగాల. ఆగేదైతే ఆగుతాం. ఏదో ఒకటి సెప్పు. ఉండమంటావేటి, దిగమంటావేటి?"

మూడు వాక్యాలు మళ్లీ వచ్చాయి. వాటిలో పోటు గురించి ఏమీ లేదు. ఆమె ఎంచుకోకపోతే పది సెకన్లలో మొదటిది దానంతటదే వెళుతుంది. వెళ్లింది.

"నువ్వు మనిసివేనా?" అన్నాడు సూరన్న. పిలుపు గడువు అయిపోయి ఆయన ముఖం తెర మీంచి పోయింది.

హైమవతి బల్ల మీది లోపలి ఫోను ఎత్తి భాస్కరాన్ని పిలిచింది.

భాస్కరం రేఖాధికారి. యాభై నాలుగేళ్లు. రెండు నిమిషాల్లో మాటగది గాజుగోడ అవతలికి వచ్చి నిలబడ్డాడు. చంకలో నిజపట్టిక ఉంది. బండి ఎందుకు ఆగింది, ఎప్పుడు కదులుతుంది అన్నవి నిజంగా ఉండేది ఆ పలక మీదే. మాటగదిలోకి అది రాకూడదని నియమం.

"చెప్పండి హైమవతి గారూ," అన్నాడు ఫోనులో. గాజు అవతల పెదవులు కదిలాక మాట ఇవతల వినబడింది.

"ఐదో బండి ఎప్పటికి కదులుతుందండి?"

"కొద్ది..." అని ఆగిపోయాడు. తనే సిగ్గుపడ్డట్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీకెందుకండి ఇప్పుడు?"

"అందులో ఒకావిడకి డయాలసిస్ ఉంది. నడకబాట మునుగుతుందంటున్నాడు ఆవిడ భర్త. నిజమేనా?"

భాస్కరం పలక వైపు చూశాడు. "పదకొండు నలభైకి నీళ్లొస్తాయండి."

ఆ బాట కట్టాలని గీసినప్పుడు పోటు నీటికి మూడడుగుల ఎత్తున ఉంది. రేఖ ప్రారంభం ఏడేళ్లు వాయిదా పడేలోగా సముద్రం పైకి వచ్చి, బాట బురదలోకి కుంగి, ఆ మూడడుగులూ పోయాయి. బాటను మళ్లీ ఎత్తుచేయడం ఎవరి పనో తేలకముందే రేఖ తెరిచారు.

"మరి బండి?"

"ఉప్పుగాలికి పట్టా మలుపు దగ్గర పట్టాలు మార్చే మర బిగుసుకుపోయిందండి. తోడుబండి వచ్చి వెనక్కి లాగాలి. తోడుబండి యానాంలో ఉంది. మధ్యలో మూడు బండ్లు ఆగున్నాయి. ముందు వాటిని తప్పించాలి." గొంతు తగ్గించాడు. "సాయంత్రం నాలుగున్నరకి ముందు కదలదండి."

"చల్లగాలి?"

"ఒంటిగంట దాకా వస్తుందేమో."

వైశాఖ మాసం. తెరుచుకోని కిటికీలు. హైమవతి గడియారం చూసింది. పదీ రెండు.

"ఇప్పుడు దించేస్తే అందరూ చొల్లంగి చేరిపోతారు కదండీ. తొమ్మిది వందల మీటర్లే."

"దించితే అది ఆలస్యం కాదండి, తరలింపు అవుతుంది. తరలింపని ఒక్కసారి నమోదైతే రేఖ మొత్తం మూసి తనిఖీ చేస్తారు. నెల్లాళ్లు. తెరిచి ఎనిమిది నెలలేనండి!" భాస్కరం గాజుకు దగ్గరగా జరిగాడు. "ప్రారంభ తేదీ పద్నాలుగుసార్లు మార్చారు. మార్చినప్పుడల్లా స్టేషన్ల ముందు కొత్త బోర్డు నిలబెట్టించింది నేనే. జనం నన్ను చూసి నవ్వేవారు. మా ఆవిడ కూడా నవ్వింది. ఇప్పుడు నా చేతుల మీదుగా దీన్ని మూయించమంటారా?"

"నేను మూయించమనట్లేదండి. వాళ్లకి చెబుదామంటున్నాను."

"చెప్పడం మన చేతిలో లేదు కదండీ. వాక్యం మనది కాదు," అన్నాడు, బతిమాలుతున్నట్టు.

పదీ పద్నాలుగుకు తెర మీద వాక్యం వచ్చింది. "ఐదో బండి కొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది. మీ ఓర్పే మడరేఖకు బలం."

హైమవతి చెయ్యి మీట మీదికి వెళ్లింది. అలవాటు కొద్దీ వేలు ఆనింది కూడా. ఆమె ఆ చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

శిక్షణ నాలుగో రోజున ఇచ్చిన పుస్తకంలో నిశ్శబ్ద పరిమితి గురించి ఒక పేరా ఉంది. ఆగిన బండిలో రావలసిన వేళ నుంచి ఇరవై నిమిషాలదాకా మాట వినబడకపోతే, మర చెడిందని భావించి, మైకు నేరుగా కుర్చీలోని మనిషికి అప్పగించాలి. మళ్లీ ఆ మనిషి ఒక వాక్యానికి సమ్మతి ఇచ్చేదాకా మైకు ఆ మనిషిదే. చట్టం రాసినవాళ్లు మర చెడిపోవడం గురించి ఆలోచించారు. మనిషి మీట నొక్కకపోవడం గురించి ఆలోచించలేదు. ఈ ఎనిమిది నెలల్లో ఎవరూ అలా చేయలేదు.

ఒక నిమిషానికి సాంత్వన వాక్యం మార్చి ఇచ్చింది. ఆమె నొక్కలేదు. ఇంకాస్త మెత్తగా మార్చింది. నొక్కలేదు. తెర మూల ఓర్పు సూచీ డెబ్బై ఒకటి నుంచి అరవై ఆరుకు దిగింది.

ఐదో బండిలో జనం ముందు గమనించలేదు. తర్వాత ఒకరొకరుగా తలెత్తి పైనున్న స్పీకరు వైపు చూడసాగారు. ఎనిమిది నెలలుగా ఏడు నిమిషాలకొకసారి వినబడిన గొంతు వినబడటం లేదు. ఒక యువకుడు తలుపును కాలితో తన్నాడు. చంటిపిల్ల తల్లి ఏడుపు మొదలుపెట్టింది, పిల్ల కాదు. సూచీ యాభై ఎనిమిది.

"హైమవతి గారూ!" భాస్కరం అరచేత్తో గాజును బాదుతున్నాడు. "ఏం చేస్తున్నారండీ? నొక్కండి. అక్కడ తొక్కిసలాట జరిగితే?"

ఆమె తలెత్తలేదు. ఎత్తితే నొక్కేస్తానని భయం.

పదీ ఇరవై అయిదు. సూరన్న పిలుపుమీట నొక్కాడు. ఆయన ముఖంలో ఇప్పుడు కోపం లేదు.

"అమ్మా, మాట్లాడ్డం మానేసేవేటి? లోపల అందరూ ఏదో అయిపోయిందనుకుంటన్నారు. మా బంగారమ్మ వణికిపోతంది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ అబద్దమే సెప్పమ్మా, పోనీ. ఏదో ఒకటి మాట్లాడు."

మూడు వాక్యాలు వచ్చాయి. వాటిలో ఏది వెళ్లినా ఇరవై నిమిషాలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. ఆ తర్వాత దించితే అందరూ చొల్లంగి చేరేలోగా పోటు వచ్చేస్తుంది. పది సెకన్లలో మొదటిది దానంతటదే పోతుంది. హైమవతి పిలుపు తెర పక్కనున్న మూసివేత బొత్తాం నొక్కి ఆయన ముఖాన్ని ఆర్పేసింది. తొమ్మిదేళ్ల బస్టాండులోనూ ఎనిమిది నెలల మాటగదిలోనూ ఆమె ఏ ఒక్క మనిషినీ మాట మధ్యలో ఆర్పలేదు.

సాంత్వన అన్నీ వింటుంది. మరో వాక్యం రాసింది. "మీలో ఆసుపత్రికి వెళ్లవలసినవారి గురించి మాకు చాలా చింతగా ఉంది. వారి కోసం ఏర్పాట్లు జరుగుతున్నాయి." ఎంత బాగుందో ఆ వాక్యం! చదువుతుంటే ఆమెకే ఊరటగా అనిపించింది. ఏర్పాట్లేమీ లేవు. తొమ్మిది నిమిషాలపాటు ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చుంది. సూచీ నలభై నాలుగు. నలభై ఒకటి. ఎవరో కిటికీని బ్యాగుతో కొడుతున్నారు. ముప్పై ఎనిమిది.

పదీ ముప్పై నాలుగుకు తెర మీది వాక్యం చెరిగిపోయింది. బల్ల చివర దుమ్ము పట్టిన మైకు మెడ మీద ఎర్రదీపం వెలిగింది.

హైమవతి మైకు మీది దుమ్ము తుడిచింది. మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఐదో బండిలో ఉన్నవాళ్లు వినండి. నా పేరు హైమవతి. ఇన్నాళ్లూ మీరు విన్నది నా గొంతే కానీ మాట్లాడింది నేను కాదు. ఇప్పుడు నేనే మాట్లాడుతున్నాను. బండి సాయంత్రం నాలుగున్నర దాకా కదలదు."

బండిలో ఒక్కసారిగా గోల లేచింది. సూచీ ముప్పై ఒకటికి పడింది. ఆమె ఆగి, గోల కొంచెం తగ్గాక, బస్టాండులో లాగా మాట్లాడింది.

"పట్టా మలుపు దగ్గర మర బిగుసుకుపోయింది. లాగడానికి వచ్చే బండి యానాంలో ఉంది. మీ కింద నడకబాట ఉంది. చొల్లంగి తొమ్మిది వందల మీటర్లు. పదకొండు నలభైకి బాట మునుగుతుంది. అంటే మీకు గంటకు పైగా టైముంది. తొందరపడక్కర్లేదు, కానీ ఆలస్యం చేయకండి. తలుపు మీద ఎర్ర పిడి ఉంది. నేను చెబితే లాగొచ్చు. చెబుతున్నాను, లాగండి. పట్టాల్లో కరెంటు తీసేయించి..." గాజు వైపు తిరిగింది. "భాస్కరం గారూ, కరెంటు!"

భాస్కరం పలకను చంకలో గట్టిగా అదుముకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి గోడ మీది పెట్టె తెరిచి ఏదో కిందికి లాగాడు. తలూపాడు.

"కరెంటు తీసేశారు. సూరన్న గారూ, మిమ్మల్ని ఇందాక ఆర్పేసింది నేనే. క్షమించండి. ఆ నీళ్ల సంగతి మీకు తెలుసు. మీరు ముందు నడవండి. బంగారమ్మ గారు నడవలేరు. ఎవరైనా ఇద్దరు బలమైనవాళ్లు ఆవిణ్ణి ఎత్తుకోండి."

ఇందాక తలుపు తన్నిన యువకుడే చెయ్యి పైకెత్తి పిడి లాగాడు.

స్తంభాల మీది కెమెరాల్లో హైమవతి వాళ్లను చూసింది. నిచ్చెన మెట్ల మీద వెనక్కి తిరిగి దిగుతున్న ఆడవాళ్లు. చెప్పులు చేత్తో పట్టుకున్నవాళ్లు. దిగువ మడ చెట్ల మధ్య బురద నీళ్లు అప్పటికే కాలువల్లా పాకుతున్నాయి. ముందు సూరన్న తువ్వాలు తలకు చుట్టుకుని నడుస్తున్నాడు. ఆయన వెనక ఇద్దరు కుర్రాళ్లు చేతులు పెనవేసి, వాటి మీద బంగారమ్మను కూర్చోబెట్టుకుని వెళుతున్నారు. ఆమె ఇద్దరి మెడల చుట్టూ చేతులు వేసింది. హైమవతి స్తంభాల అంకెలు చూసి ఎంత దూరం మిగిలిందో చెబుతూ వచ్చింది. "ఇంకా అయిదు వందలు. ఎడమవైపు నాచు ఉంది, జాగ్రత్త. ఇంకా మూడు వందలు." సూచీ ఎప్పుడు పెరగడం మొదలైందో ఆమె చూడలేదు. చూసేటప్పటికి ఎనభై దాటింది. అంత అంకె మడరేఖ మీద ఎన్నడూ లేదు.

పదకొండు ముప్పై ఒకటికి చివరి మనిషి చొల్లంగి మెట్లెక్కాడు. ప్లాట్‌ఫాం స్తంభానికున్న పిలుపుమీట వెలిగింది.

"అందరం ఎక్కేసామమ్మా," అన్నాడు సూరన్న, రొప్పుతూ. "ఎనకాలోళ్లకి మడమలు తడిసాయి. ఆటో దొరికింది. ఎల్తన్నాం." వెళ్లబోతూ ఆగాడు. "కోపమొచ్చింది నీమీద, ఉన్నమాట. సరేలే."

తెర మీద మళ్లీ అక్షరాలు వచ్చాయి. పైన ఎర్రటి పట్టీలో "తరలింపు నమోదైంది" అని ఉంది. దాని కింద, మిగతా ఆరు బండ్ల కోసం, సాంత్వన కొత్త వాక్యం రాసి సమ్మతి కోసం నిలబెట్టింది.

"నా పేరు హైమవతి. ఇప్పుడు నేనే మాట్లాడుతున్నాను. మర దగ్గర చిన్న ఇబ్బంది వచ్చింది. రెండో బండి కొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది."

హైమవతి దాన్ని రెండుసార్లు చదివింది. సూచీ ఎనభై దాటడం అది చూసింది. ఏ మాటలకు దాటిందో చూసింది. మాటల్నే తీసుకుంది. ఆకుపచ్చ మీట మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉంది. నొక్కితే మైకు ఆరిపోతుంది, ఇక మీదట రోజూ ఈ వాక్యమే, తన పేరుతో సహా, పదకొండు స్టేషన్లలో మోగుతుంది.

పక్కనున్న నిరాకరణ మీట నొక్కింది. మైకు మీద ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అయితే మిగతా బండ్ల గురించి ఆమెకేమీ తెలియదు. పిలుపుమీటలు వరసగా వెలుగుతున్నాయి. రెండో బండి, ఆరో బండి, తాళ్లరేవు, కోరంగి. ఐదో బండి సంగతి అప్పుడే అందరికీ పాకినట్టుంది.

"మా బండి ఎప్పుడు కదులుద్దండీ?" "మమ్మల్ని కూడా దింపుతారా?" "ఆ హైమవతి గారున్నారా అండి?"

ఆమె గాజు వైపు తిరిగింది. భాస్కరం అక్కడే ఉన్నాడు. వెనక అతని బల్ల మీద మూడు ఫోన్లు మోగుతున్నాయి. నెల్లాళ్ల మూసివేత ఉత్తర్వు అప్పటికే తయారై ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

"నాకు తెలీదండి," అంది హైమవతి అతనితో. "వాళ్లడుగుతున్నారు. నా దగ్గరేం లేదు."

భాస్కరం ఫోన్ల వైపు చూశాడు. వెళ్లి వాటిని ఎత్తుతాడనుకుంది. వెళ్లలేదు. చంకలోంచి నిజపట్టిక తీసి, ముఖం ఆమె వైపు తిప్పి, రెండు చేతులతో గాజుకు ఆనించి పట్టుకున్నాడు.

అక్షరాలు చిన్నవి. హైమవతి మైకును తీగతో సహా లాక్కుని, గాజు దగ్గరికి జరిగి, మొదటి వరుస మీద కళ్లు నిలిపింది.

"రెండో బండి," అంది. "రెండు గంటల పది నిమిషాలకి కదులుతుంది."